నూనె గానుగ విడిచిన నల్లని నీరు

మన పల్లెలలో నువ్వుల గానుగ తిరుగుట చూచినవారికి నూనె తీయుట యనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు. రోటిలో నువ్వులు పోయుదురు, రోకలి తిరుగును, నూనె దిగును, తెలకపిండి మిగులును. నూనె ఇంటికి, పిండి పశువులకు. గానుగవాడు నడుమ నడుమ చిలకరించు కొద్దిపాటి నీరు పిండిలోనే యింకిపోవును. వాకిట పారబోయవలసిన దేదియు మిగులదు. వేరుసెనగయైనను, ఆముదమైనను కథ యించుమించుగ ఇంతే. కారణము సులభము. అవి గింజలు. ఎండిన గింజలో నీరు అత్యల్పము.

మధ్యధరా సముద్రపు తీరములందలి గానుగవాని కథ వేరు. అతడు ఆడునది గింజను కాదు, పండును. స్పెయిను, ఇటలీ, గ్రీసు, టునీషియా, సిరియా, పాలస్తీనా మొదలగు దేశములలో వేల సంవత్సరములుగా పెంచుచున్న ఆలివు చెట్టు పండులో సుమారు సగము నీరే. నూనె ఇంచుమించు అయిదవ వంతు. తక్కినది గుజ్జు, తొక్క, టెంక. పండును నలిపి నూనె తీయునపుడు ఆ నీరు కూడ వెలువడక తప్పదు. అది తేటనీరు కాదు. నల్లగానో, ముదురు గోధుమవన్నెగానో ఉండును; పుల్లని, ఘాటైన వాసన కలిగియుండును. ఆ నల్లని నీటిని గురించియు, దాని నుండి వంటకును, వెలుగునకును పనికివచ్చు వాయువును తీయుటకు జరిగిన ప్రయత్నమును గురించియు ఈ ప్రసంగమున మనవిచేసెదను.

ముందుగా ఆ నీరు ఎట్లు పుట్టునో చూతము. ఆలివు పండ్ల కోత చలికాలమున సాగును. ఎక్కువ పని నవంబరు నుండి ఫిబ్రవరి వరకు జరుగును. కోసిన పండును ఎక్కువ దినములు నిలువయుంచిన నూనె చెడును. కావున ఆ మూడు నాలుగు మాసములు మిల్లులు రేయింబవళ్లు ఆడుచుండును. వెనుకటి కాలమున రాతి చక్రముల క్రింద పండ్లను నలిపి, ఆ ముద్దను నార చాపలపై పరచి, చాపలను ఒకదానిపై నొకటి పేర్చి ఒత్తెడివారు. కారిన ద్రవమును తొట్టిలో నిలిపిన, తేలికయైన నూనె పైకి తేలును, నల్లని నీరు అడుగున నిలుచును. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున గిరగిర తిరిగి బరువును బట్టి వేరుచేయు సెంట్రిఫ్యూజి యంత్రములు వచ్చినవి. వీనిలో మూడు పాయల యంత్రము నూనెను ఒక పాయగా, నీటిని ఒక పాయగా, పిప్పిని ఒక పాయగా విడదీయును. పని వేగముగ సాగినది. కాని ముద్ద సులభముగ కదలుటకై అందు గోరువెచ్చని నీరు కలుపవలసివచ్చెను. దానితో మురుగు కూడ పెరిగినది. పాత ఒత్తుడు పద్ధతిలో ఒక టన్ను పండ్లకు సుమారు అర ఘనపు మీటరు నల్లని నీరు వెలువడెడిది. మూడు పాయల యంత్రము వచ్చిన పిమ్మట అది ఒక ఘనపు మీటరును చేరినది, ఒక్కొక్కచోట మించినది. ఘనపు మీటరనగా వేయి లీటర్లు.

ఈ నీటికి ప్రతి దేశమునను ఒక పేరున్నది. స్పెయినువారు అల్పెచిన్ అందురు. గ్రీకులు కాత్సిగారోస్ అందురు. పాలస్తీనా, సిరియా ప్రాంతముల జీబార్ అనియు, టునీషియాలో మర్జీన్ అనియు వ్యవహారము. ప్రాచీన రోమనులు దీనిని అముర్కా అనిరి. ఇందరు ఇన్ని పేర్లు పెట్టిరనిన, ఇది యెంతకాలముగ వారి వాకిళ్లలో నిలిచిన సమస్యయో ఊహింపవచ్చును. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున వ్యవసాయమును గురించి వ్రాసిన కేటో అను రోమనుడు ఈ నీటిని కళ్లము అలుకుటకును, చీమలను, చిమ్మెటలను పోగొట్టుటకును వాడుమని చెప్పెను. తరువాతి శతాబ్దివాడైన వర్రో ఇంకొక సంగతి గమనించెను: గానుగల నుండి ఈ నీరు పొలములోనికి విస్తారముగ పారినచోట నేల నల్లబడుటయే గాక గొడ్డుపోవుచున్నదని. మితముగ వాడిన మేలు, మితిమీరిన కీడు. రెండువేల యేండ్ల క్రిందటి ఆ పరిశీలనను నేటి ప్రయోగశాలలు అంకెలతో నిర్ధారించినవి.

ఆ అంకెలు కొంచెము వినవలెను. మురుగునీటి బలమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఒక కొలబద్ద నేర్పరచుకొనిరి. ఒక లీటరు నీటిలోని మాలిన్యమంతయు రసాయనికముగ దహింపబడవలెనన్న ఎంత ప్రాణవాయువు కావలయునో లెక్కించి, దానిని గ్రాములలో చెప్పుదురు. ఇండ్ల నుండి కాలువలలోనికి వచ్చు సామాన్యపు మురుగునీటికి ఇది లీటరుకు అరగ్రాము ప్రాంతమున ఉండును. ఆలివు మిల్లు నీటికో, నలుబది గ్రాముల నుండి రెండువందల గ్రాముల వరకు కూడ ఉండును. అనగా చిన్న మిల్లు ఒకటి దినమునకు ఇరువది టన్నుల పండ్లు ఆడిన, అది విడుచు మాలిన్యభారము ఒక పట్టణపు మురుగుతో సరితూగును. అట్టి మిల్లులు ఒక్కొక్క లోయలో పదుల కొలది ఉండును. అన్నియు ఒక్కసారిగా, ఆ మూడు మాసములలోనే ఆడును.

ఈ నీరు ఏటిలో కలిసిన ఏమగును? నీటిలోని సూక్ష్మజీవులు దానిని తినుటకు పూనుకొనును. తినుటకు వానికి ప్రాణవాయువు కావలయును. ఏటినీటిలో కరగియున్న కొద్దిపాటి ప్రాణవాయువును అవి హరించివేయగా చేపలకు ఊపిరాడదు. పైన తేలు జిడ్డుపొర గాలిని లోనికి రానీయదు. నల్లరంగు ఎండను దిగనీయదు. ఊరి పంటబావులలోనికి ఇంకిన ఆ నీరు తాగుటకు పనికిరాదు. ఈ కారణముల వలననే స్పెయిను ప్రభుత్వము 1980 దశకపు ఆరంభమున అల్పెచిన్‌ను నదులలోనికి వదలుట నిషేధించి, దానిని నిలువయుంచి ఎండకు ఆవిరిచేయుటకై చెరువులవంటి గుంటలు త్రవ్వించినది. ఇటలీ దేశము 1996లో 574వ సంఖ్యగల చట్టము చేసి, హెక్టారునకు సంవత్సరమునకు పాత ఒత్తుడు మిల్లుల నీరైన 50 ఘనపు మీటర్లకును, సెంట్రిఫ్యూజి మిల్లుల నీరైన 80 ఘనపు మీటర్లకును మించకుండ పొలములపై చల్లవచ్చునని అనుమతించినది. వర్రో చెప్పిన మితమునకు ఇది చట్టరూపము.

ఆవిరిగుంటలు నదులను కొంతవరకు కాపాడినవి గాని ఊళ్లను కాపాడలేదు. వేసవి వచ్చునప్పటికి అవి దుర్వాసనకును, ఈగలకును ఆలవాలమగును. గుంట అడుగున గాలి చొరనిచోట నల్లని నీరు తనంతట తానే మురిగి, బుడగలు బుడగలుగా ఒక వాయువును విడుచును. ఆ వాయువులో అధికభాగము మీథేను. అది అంటించిన మండును. అంటింపక ఆకాశములోనికి వదలిన, భూగోళమును వేడిచేయుటలో బొగ్గుపులుసుగాలిని ఎన్నో రెట్లు మించును. అనగా గుంటలో నిలిచియున్నది ఒక విధమైన ఇంధనము. అది వృథాగా పోవుచు, పోవుచు కీడు చేయుచున్నది. దీనినే మూతవేసిన తొట్టిలో జరిపించి, వాయువును పట్టుకొనరాదా యను ఆలోచన ఇచ్చట పుట్టినది.

బురదలో పుట్టు వాయువు మండునను సంగతి క్రొత్తది కాదు. 1776 నవంబరులో ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు అంచున రెల్లు మొలచిన రేవులో కఱ్ఱతో బురదను కలచి, పైకి వచ్చు బుడగలను సీసాలలో పట్టి, వానిని మండించి చూచెను. విద్యుత్తును కొలుచు ‘వోల్టు’ అను మాట ఆయన పేరిటనే వచ్చినది. మన దేశమున 1960 దశకము నుండి ఖాదీ గ్రామోద్యోగ సంఘము వ్యాపింపజేసిన గోబర్ గ్యాసు తొట్టి చూచినవారికి ఈ పద్ధతి పరిచితమే. పేడను నీటితో కలిపి గాలి చొరని తొట్టిలో పోయుదురు. కొన్ని దినములకు వాయువు పుట్టి పైనున్న డ్రమ్మును లేపును. గొట్టము ద్వారా అది వంటయింటికి చేరును. మిగిలిన పేడనీరు ఎరువగును. ఆలివు నీటికి కావలసిన తొట్టియు సూత్రములో ఇట్టిదే.

తొట్టిలోపల జరుగు పనిని పెండ్లివారి వంటశాలతో పోల్చవచ్చును. అచ్చట ఒక్కరే అన్ని పనులు చేయరు. ఒక జట్టు కూరగాయలు తరుగును, ఒకటి ఉడికించును, ఒకటి తాళింపు పెట్టును, ఇంకొకటి వడ్డించును. అట్లే తొట్టిలో మొదటి జట్టు సూక్ష్మజీవులు పెద్ద పదార్థములను, అనగా కొవ్వులను, మాంసకృత్తులను, పిండిపదార్థములను చిన్న తునుకలుగా తరుగును. రెండవ జట్టు ఆ తునుకలను ఆమ్లములుగా మార్చును. మూడవది ఆ ఆమ్లములను వెనిగరులో నుండు ఎసిటికామ్లముగాను, హైడ్రోజనుగాను చేయును. నాలుగవ జట్టు వీనిని గ్రహించి మీథేనును విడుచును. ఈ నాలుగవ జట్టువారు మిక్కిలి సుకుమారులు. వారి పని నిదానము. తొట్టి వెచ్చదనము 35 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నిలుకడగ ఉండవలయును. పులుపు ఎక్కువ కారాదు. వెనుకవారు ఆమ్లములను వండినంత వేగముగ వీరు తినలేకపోయినచో పులుపు పేరుకొని, పేరుకొన్న పులుపు వీరినే చంపును. అంతటితో తొట్టి పాడగును.

ఈ పని సరిగా సాగినచో ఎంత ఫలము లభించునో లెక్క వేసి చూతము. మధ్యరకపు నల్లని నీటిని తీసికొందము. దాని బలము లీటరుకు 80 గ్రాములనుకొందము. ఒక ఘనపు మీటరుకు 80 కిలోలగును. అందు నూటికి డెబ్బది వంతులు జీర్ణమైనదనుకొన్న 56 కిలోలు. జీర్ణమైన ఒక్కొక్క కిలోకు 350 లీటర్ల మీథేను పుట్టునని రసాయనశాస్త్రము చెప్పును. కాబట్టి ఒక ఘనపు మీటరు నల్లని నీటి నుండి సుమారు 20 ఘనపు మీటర్ల మీథేను లభించును. ఇది మన యిండ్లకు వచ్చు 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరులోని వేడికి ఇంచుమించు సమానము, కొంచెము ఎక్కువయే. ఇందు నుండి తొట్టిని చలికాలమున వెచ్చగ ఉంచుటకు కొంత తీసివేయవలయును. పదునైదు డిగ్రీలకు చల్లబడిన నీటిని ముప్పదియేడు డిగ్రీలకు కాచుటకు పుట్టిన వేడిలో ఎనిమిదవ వంతు చాలును. ఆ మీదట మిగిలినదంతయు లాభమే. దినమునకు ఇరువది టన్నులు ఆడు చిన్న మిల్లు దినమునకు ఇరువది సిలిండర్ల ఇంధనమును మురుగుకాలువలో పోయుచున్నదన్నమాట.

ఇంత సులభమైన లాభమును ప్రతి గానుగవాడును ఏల చేజిక్కించుకొనలేదు? ఈ ప్రశ్నకు సమాధానము పండులోనే యున్నది. ఆలివు పండును చెట్టు నుండి కోసి నోట వేసికొన్నవాడు మరల ఆ సాహసము చేయడు. అది అంత చేదు. ఉప్పునీటిలోనో, క్షారములోనో నానబెట్టి చేదు పోగొట్టిన తరువాతనే తినుటకు పనికివచ్చును. ఆ చేదుకు మూలము ఫీనాలులనబడు పదార్థములు. పురుగుల నుండియు, బూజుల నుండియు పండును కాచుటకై చెట్టు వీనిని సమకూర్చుకొనును. నూనె త్వరగా ముక్కిపోకుండ కాపాడునవియు ఇవియే. మంచి ఆలివు నూనె గొంతులో కొంచెము మంటపుట్టించుటకు కారణమును ఇవియే. కాని పండును ఆడునపుడు ఫీనాలులలో అత్యల్పభాగము మాత్రమే నూనెతో పోవును. పెద్దభాగము నీటితోను, పిప్పితోను చేరును. సూక్ష్మజీవులను అడ్డుటకై చెట్టు తయారుచేసికొన్న మందు తొట్టిలోనికి వచ్చి, మనకు పనిచేయవలసిన సూక్ష్మజీవులనే అడ్డగించును. అందరికంటె ముందు దెబ్బతినునది ఆ సుకుమారమైన నాలుగవ జట్టే.

దీనికి తోడు రెండు లోపములు కలవు. ఈ నీరు స్వభావముచేతనే పుల్లనిది. పులుపును అణచు క్షారగుణము దీనిలో చాలదు. సూక్ష్మజీవుల పెరుగుదలకు కావలసిన నత్రజనియు దీనిలో తక్కువ. చక్కెర, కొవ్వు సమృద్ధిగ నున్నవి, పొటాషియము చాల ఉన్నది, నత్రజని లేదు. పప్పు లేని అన్నము వంటి భోజనము. అందుచేత ఈ నీటిని ఉన్నదున్నట్లు తొట్టిలో పోసినచో కొలది దినములు పొంగి, పిమ్మట పులిసి, ఆగిపోవును.

నివారణకు అనేక మార్గములు వెదకిరి. మొదటిది నీటితో పలుచన చేయుట. ఫీనాలుల తీవ్రత తగ్గును, నిజమే. కాని వేసవిలో త్రాగునీటికే కటకటపడు దేశములలో మురుగును పలుచన చేయుటకు మంచినీరెక్కడిది? పైగా తొట్టి అయిదారు రెట్లు పెద్దదిగా కట్టవలయును. రెండవది సున్నము వేయుట. పులుపు తగ్గును, ఫీనాలులు కొన్ని అడుగున పేరుకొనును. కాని ఆ మడ్డిని మరల ఎక్కడికో చేర్చవలసియుండును. మూడవది ముందుగా బూజుజాతి జీవులచేత ఫీనాలులను తినిపించుట. నల్లబూజు, పాలబూజు, తినుటకు పనికివచ్చు ముత్యపు చిప్ప పుట్టగొడుగు మొదలగువానిని ఇట్లు ప్రయోగించి చూచిరి. అవి ఫీనాలులను తగ్గించినమాట వాస్తవము. అయితే చేదుతోబాటు చక్కెరను కూడ అవి కొంత తినివేయును. ఆ మేరకు వాయువు తగ్గును.

నాలుగవ మార్గము మన రైతునకు వెంటనే స్ఫురించునది: పేడ కలుపుట. 1997లో డెన్మార్కునందు ఇరీనీ ఆంజెలిడాకి, బిర్గిట్టే ఆరింగ్ అను శాస్త్రజ్ఞురాండ్రు తమ ప్రయోగములను ప్రకటించిరి. ఇండ్ల చెత్తతోగాని, పట్టణపు మురుగు మడ్డితోగాని ఆలివు నీటిని కలిపినపుడు అయిదు రెట్లు నీటితో పలుచన చేసినగాని అది జీర్ణము కాలేదు. పశువుల పేడతో కలిపినపుడో, పలుచన చేయుట అక్కరలేకపోయెను. క్షారమును వేరుగ వేయనక్కరలేకపోయెను. నత్రజనియు వేరుగ చేర్చనక్కరలేకపోయెను. పేడలో ఆ రెండును సహజముగనే యున్నవి. నల్లని నీటిలో చక్కెర, కొవ్వు గలవు, నత్రజని లేదు. పేడలో నత్రజని గలదు, వాయువునిచ్చు సారము తక్కువ. ఒకదాని లోటును రెండవది పూరించినది. గ్రీసునందలి పత్రాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009 ప్రాంతమున ఇంకొక అడుగు వేసి, ఆలివు నీటికి పేడతోబాటు జున్ను తీయగా మిగిలిన విరుగుడునీటిని కూడ కలిపి, ఆమ్లములు పుట్టు తొట్టిని, మీథేను పుట్టు తొట్టిని వేరుచేసి పరిశీలించిరి. ఆ దేశమున మేకల, గొఱ్ఱెల పాలతో జున్నుచేయు పరిశ్రమ మిల్లులకు పొరుగుననే యుండుట గమనింపదగినది.

ఇచ్చట తొట్టిని నడుపువాడు పాటింపవలసిన నియమము ఒకటి కలదు. మొదట పేడతోనే తొట్టిని నిలకడకు తెచ్చి, నల్లని నీటిని కొద్దికొద్దిగ చేర్చుచు, వారముల తరబడి పాలు పెంచవలయును. తొట్టిలోని జీవజాలము క్రమక్రమముగ ఫీనాలులకు అలవాటుపడును. అలవాటుపడినవానిలో కొన్ని వానిని జీర్ణము కూడ చేసికొనగలుగును. తొందరపడి ఒక్కదినమున కుమ్మరించిన, నెలల శ్రమ నీటిపాలగును.

ఇంతవరకు చెప్పినది శాస్త్రము. శాస్త్రము దారి చూపినను గానుగవాడు ఇంకను నిలిచిపోవు చోటొకటి యున్నది. అది పంచాంగము. మిల్లు ఆడునది ఏటికి సుమారు నూరు దినములు. తొట్టిలోని సూక్ష్మజీవులకు ఆకలి మూడువందల అరువదియైదు దినములును వేయును. నూరు దినముల కొరకు తొట్టిని, వేడిచేయు గొట్టములను, వాయువునిలువను, ఇంజనును కొనిన చిన్న మిల్లుదారునకు మిగిలిన కాలమంతయు ఆ పెట్టుబడి పనిలేక పడియుండును. తిండి లేని జీవజాలము నిద్రాణమగును. మరుసటి యేడు కోత మొదలగునప్పటికి దానిని మేల్కొలుపవలయును. నల్లని నీరు మాత్రము మేల్కొనువరకు ఆగదు. అందుచేత ఒక్కొక్క మిల్లు ఒక్కొక్క తొట్టి కట్టుకొనుమనుట ఆచరణకు కష్టసాధ్యమైన సలహా.

దీనికి మార్గము కూడ పేడ చూపిన మార్గమే, అనగా కలసియుండుట. ఒక లోయలోని మిల్లులు, పశువుల కొట్టములు, కోళ్లఫారములు, జున్నుశాలలు కలసి ఒక పెద్ద తొట్టి నిర్మించుకొనినచో చలికాలమున నల్లని నీరు, తక్కిన కాలమున పేడ, విరుగుడు, కోళ్లరెట్ట, కూరగాయల చెత్త దానికి ఆహారమగును. తొట్టి ఏడాది పొడుగున పనిచేయును. నల్లని నీటిలో కొంత నిలువయుంచుకొని నెమ్మదిగ వాడుకొనవచ్చును. ఖర్చు పలువురిపై పడును. విద్యుత్తును, వేడిని పంచుకొనవచ్చును. సహకార సంఘములు ఆలివు రైతులకు క్రొత్తవి కావు. స్పెయిను, ఇటలీ, గ్రీసు దేశములలో అనేక మిల్లులు వారి చేతులలోనే యున్నవి. పండును కలసి ఆడించుకొన్నవారు మురుగును కూడ కలసి శుద్ధిచేసికొనుటకు పూనుకొనవలయునే గాని, ఇందు అసాధ్యమేదియు లేదు.

నీటిని మొదటనే తగ్గించుకొనుట వేరొక మార్గము. 1990 దశకపు తొలి సంవత్సరములలో స్పెయిను దేశమున రెండు పాయల యంత్రములు వచ్చినవి. వీనిలో వెచ్చని నీరు కలుపుట చాలవరకు లేదు. నూనె ఒక పాయ, తడిపిప్పి ఒక పాయ. ప్రపంచమున అత్యధికముగ ఆలివు నూనె తీయు ఆ దేశము శీఘ్రముగ ఈ పద్ధతికి మారి, నల్లని నీటి బెడదను మిక్కిలి తగ్గించుకొన్నది. అయితే చేదు ఎక్కడికిని పోలేదు. నీటిలోనిది పిప్పిలోనికి మారినది. టన్ను పండ్లకు సుమారు ఎనిమిదివందల కిలోల తడిముద్ద మిగులును. ఆరబెట్టుటకు ఇంధనము కావలయును. గుట్టలుగా పోసిన అదియు మురుగును. సెవిల్ నగరమున 1947లో స్థాపింపబడిన కొవ్వుపదార్థముల పరిశోధనాలయము నల్లని నీటివలెనే ఈ ముద్ద నుండియు వాయువు తీయుటను పరిశోధించినది.

వాయువు తీసిన పిమ్మట తొట్టినుండి వెలువడు నీరు తేటనీరని భ్రమపడరాదు. మాలిన్యము చాలవరకు తగ్గును, వాసన తగ్గును, నలుపు మాత్రము పూర్తిగా పోదు. కొన్ని ఫీనాలులు మిగులును. కాని పొటాషియము, నత్రజని, భాస్వరము దానిలోనే నిలుచును గనుక, మితము తప్పకుండ పొలమునకు పెట్టిన మంచి ఎరువగును. ఇంకొక విశేషము కలదు. ఏ చేదును తొట్టికి శత్రువని అనుకొంటిమో, దానికే నేడు అంగడిలో వెల వచ్చినది. ఆలివు నూనెలోని ఫీనాలులు రక్తములోని కొవ్వును ఆక్సీకరణము నుండి కాపాడునని ఐరోపా సమాఖ్య 2012లో నూనెసీసాలపై వ్రాసికొనుటకు నియమములతో అనుమతించినది. నల్లని నీటి నుండి హైడ్రాక్సీటైరోసాల్ అను ఫీనాలును వేరుపరచి అమ్ముట మొదలైనది. ముందుగా చేదును తీసి అమ్మి, చేదు తీసిన నీటిని తొట్టికి పోసినచో రెండు విధముల లాభము.

ఇది దూరదేశపు సంగతి గదా యని శ్రోతలు అనుకొనవచ్చును. ఆలివు చెట్టు మనది కాదు. కాని గింజకు మారుగా పండు నుండి నూనె తీయు పరిశ్రమ నేడు మన నడుమనే యున్నది. పెదవేగి, అశ్వారావుపేట ప్రాంతములలో పెరుగుచున్న పామాయిలు తోటల గెలలనుండి నూనె తీయు మిల్లు ఒక టన్ను నూనెకు రెండున్నర నుండి మూడున్నర ఘనపు మీటర్ల చిక్కని మురుగునీటిని విడుచును. ఈ విషయమున మనకు ప్రకృతి కొంత అనుకూలము. ఆ నీరు వేడిగనే వెలువడును. ఆలివు నీటియందువలె తీవ్రమైన చేదు దానికి లేదు. గెలలు ఏడాది పొడుగున కోతకు వచ్చును. తొట్టికి ఉపవాసము లేదు. మధ్యధరా తీరపు గానుగవాడు కష్టపడి నేర్చుకొన్నదానిని మనము సులభముగ ఆచరింపగలము.

నువ్వుల గానుగవాని వాకిట పారవేయవలసినది మిగులదని మొదట చెప్పితిని. అది అతని గొప్పతనము కాదు, గింజ గొప్పతనము. పండును ఆడువానికి ఆ అదృష్టము లేదు; అతడు తన వాకిలిని తానే శుభ్రము చేసికొనవలయును. ఒంటరిగా చేయబూనిన ఆ పని అతని శక్తికి మించును. పొరుగున పశువుల కొట్టము గలవానితో, జున్ను చేయువానితో చేయి కలిపినచో ఏటిలో చేపలను చంపిన నీరే వారి యిండ్లలో పొయ్యి వెలిగించును.